మానవుని విషాదము: మదాచ్ ఇమ్రె జీవితము, కృతి

మన తెలుగువారివలెనే హంగెరీ దేశీయులును ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక చెప్పుకొందురు. ఐరోపా ఖండమున ఇది అరుదైన ఆచారము. ఆ రీతినే తమ నాటకకర్తలలో అగ్రగణ్యుడని తాము తలచు మహనీయుని వారు మదాచ్ ఇమ్రె అని పిలుతురు. మదాచ్ అనునది ఇంటిపేరు. ఇతడు జీవించినది 41 సంవత్సరములు మాత్రమే. నాటకములు పెక్కు వ్రాసినను వానిలో ఒక్కటియే ఇతనిని చిరంజీవిని చేసినది. దాని పేరు మానవుని విషాదము. సృష్ట్యాది మొదలుకొని సూర్యుడు చల్లబడు కాలమువరకు మానవజాతి నడచిన త్రోవను, నడువబోవు త్రోవను 15 రంగములలో చూపిన నాటకమది.

దానిని వ్రాసినవాడు రాజధానిలో పేరుమోసిన పండితుడు కాడు. నాటకశాలను జీవికగా చేసికొన్నవాడును కాడు. ఒక పల్లెటూరి భూస్వామి, చిన్ననాటినుండి రోగపీడితుడు, కారాగారమునుండి ఇల్లు చేరి తన సంసారము చెదరియుండుట చూచినవాడు. మానవజాతి ప్రయత్నములన్నియు భగ్నమగుటను చూపినను ఆ నాటకము నిరాశతో ముగియదు. ఆ ఆశ సులభముగా లభించినది కాదని ఆతని జీవితమును తెలిసికొన్నవారికి స్పష్టమగును.

మదాచ్ 1823 జనవరిలో నోగ్రాద్ మండలమునందలి ఆల్షోస్త్రెగోవా గ్రామమున జన్మించెను. మొదటి ప్రపంచ యుద్ధానంతరము, 1920 నాటి సంధివలన ఆ గ్రామము హంగెరీనుండి విడివడి చెకొస్లొవేకియాలో చేరెను. నేడది స్లొవేకియా దేశమున దోల్నా స్త్రెహోవా అను పేరుతో నున్నది. మదాచ్ పుట్టిన కాలమున హంగెరీ వియన్నా నగరమునందలి హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల యేలుబడిలో నుండెను. శాసనములు లాటిన్ భాషలో వెలువడుచుండెను. ఉన్నత కుటుంబములలో జర్మన్ వాడుకలో నుండెను. ప్రజల పలుకు వేరు, ప్రభుత్వపు పలుకు వేరు. 1844లో గాని హంగేరియను భాష ఆ దేశమున అధికార భాష కాలేదు. స్వభాషకు గౌరవము కావలెనను కోరికయు, స్వపరిపాలన కావలెనను కోరికయు ఒక్కటిగ పెరిగిన యుగమది. మదాచ్ బాల్యము ఆ గాలిలోనే గడచెను.

వారిది ప్రాచీనమైన కులీన కుటుంబము. 17వ శతాబ్దమున ఆ వంశమునందు ఒక కవియు నుండెను. ఇంట పెద్ద గ్రంథాలయము కలదు. 1834లో తండ్రి మరణింపగా ఎస్టేటు నిర్వహణమును, బిడ్డల పెంపకమును తల్లి మైతేని అన్నా వహించెను. ఆమె దృఢచిత్త, దైవభక్తురాలు, లెక్కపత్రములందు బహు జాగ్రత్త గలది. కుమారుని మీద ఆమెకు అపారమైన ప్రేమ యుండెను; ఆ ప్రేమతోపాటు అధికారమును ఉండెను. మదాచ్ పెద్దవాడైన పిదపను ఆమె నీడనుండి పూర్తిగ వెలుపలికి రాలేదు. చిన్ననాటనే పట్టిన వ్యాధి ఆతని గుండెను, కీళ్లను బలహీనపరచెను. తోడి బాలురు గుఱ్ఱములపై తిరుగుచుండగా ఈతడు పుస్తకములతో కాలము గడపెను.

1837లో, 14 ఏండ్ల వయసున, ఆతడు పెష్ట్ నగరము చేరి విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రమును, తరువాత న్యాయశాస్త్రమును అభ్యసించెను. నేటి బుడాపెష్ట్ అప్పటికి ఒక్క నగరము కాదు. డాన్యూబ్ నదికి ఒక ఒడ్డున బుడా, ఎదుటి ఒడ్డున పెష్ట్ నుండెను. విద్యార్థి దశలో ఆతనికి లోన్యై మెన్హేర్త్ అను యువకునితో స్నేహము కలిగెను. ఈ మెన్హేర్త్ 1871లో హంగెరీ ప్రధానమంత్రి అయ్యెను. ఆతని సోదరి ఎతెల్కాను మదాచ్ ప్రేమించెను. ఆ ప్రేమ ఫలింపలేదు గాని, దాని ఫలముగ 1840లో ఆతని తొలి పద్యసంపుటము వెలువడెను. అప్పటికాతనికి 17 ఏండ్లు. ఆ పద్యములు ఆతనికి కీర్తిని తేలేదు.

చదువు ముగించి స్వగ్రామము చేరిన మదాచ్ 1842లో నోగ్రాద్ మండల పాలనలో ఉపలేఖకుడుగా ఉద్యోగమున చేరెను. ఆ కాలమున హంగెరీ మండలములు కేవలము రెవిన్యూ విభాగములు కావు. ప్రతి మండలమునకును సొంత సభ యుండెను. పన్నులు, న్యాయము, రహదారులు, పేదల యోగక్షేమములు అచటనే చర్చకు వచ్చుచుండెను. వియన్నానుండి వచ్చు ఆజ్ఞలను ఎదిరించుటకును ఆ సభలే వేదికలు. మండల కేంద్రమైన బలాషాద్యార్మత్ పట్టణమున మదాచ్ అర్జీలు చదివెను, తీర్మానములు వ్రాసెను, వివాదములు వినెను. సొంతాగ్ పాల్ అను సహచరుడు అచటనే ఆతనికి జీవితకాల మిత్రుడయ్యెను. కొషూత్ లాయోష్ నాయకత్వమున నడచు సంస్కరణవాదుల పక్షమున మదాచ్ పత్రికలకు వ్యాసములును పంపుచుండెను. జనసమూహము ఒకనాడు చేయెత్తి నమస్కరించిన నాయకునిపై మరునాడు రాయి విసరుటయు, గొప్ప సిద్ధాంతములు స్వార్థపరుల చేతికి చిక్కుటయు ఆతడు తొలుత చూచినది చరిత్ర గ్రంథములలో గాదు, ఆ మండల సభలలో.

ఈ కాలముననే ఆతడు చరిత్ర, పురాణ ఇతివృత్తములతో కొన్ని నాటకములు వ్రాసెను. వానిలో ఏదియు పేరుగాంచలేదు. వ్రాసినదానిని పెట్టెలో దాచుట ఆతనికి అలవాటయ్యెను.

1845లో ఆతడు ఫ్రాతెర్ ఎర్జెబెత్ అను యువతిని వివాహమాడెను. ఆమె ఉల్లాసవతి, నృత్యప్రియ, ప్రొటెస్టంటు మతస్థురాలు. కేథలిక్ మతమున నిష్ఠ గల తల్లి ఈ సంబంధమును ఇష్టపడలేదు. తల్లి మాటను కాదని కుమారుడు చేసిన పెద్ద కార్యము ఇది యొక్కటియే యని చెప్పవచ్చును. దంపతులు చెస్త్వె అను గ్రామమునందలి తమ గృహమున కాపురముండిరి. ముగ్గురు బిడ్డలు కలిగిరి. మొదటి సంవత్సరములు సుఖముగ గడచెను.

1848 మార్చి 15న పెష్ట్ నగరమున విప్లవము ప్రారంభమయ్యెను. కర్షకుల వెట్టి తొలగెను. ప్రజలకు బాధ్యత వహించు మంత్రివర్గము ఏర్పడెను. కాని కొలది నెలలకే వియన్నా ప్రభుత్వముతో యుద్ధము వచ్చిపడెను. మదాచ్ వ్యాధిగ్రస్తుడగుటచే ఆయుధము పట్టలేకపోయెను. మండలముననే ఉండి శక్తికొలది పనిచేసెను. హంగెరీ సేనలు వీరోచితముగ పోరాడినను, రష్యా చక్రవర్తి ఆస్ట్రియాకు తోడుగ సైన్యములను పంపుటతో 1849 ఆగస్టున లొంగిపోవలసివచ్చెను. ఆ అక్టోబరు 6న అరాద్ పట్టణమున 13 మంది సేనాపతులు మరణదండన పొందిరి. మహాకవి పెతోఫి జూలై 31 నాటి యుద్ధములో కనబడకుండ పోయెను.

ఆ యుద్ధము మదాచ్ ఇంటిని కూడ విడువలేదు. తమ్ముడు పాల్ దేశసేవలో తిరుగుచు రోగము తగిలి మరణించెను. సోదరి మారియా, ఆమె భర్త, కుమారుడు యుద్ధపు అలజడిలో ప్రయాణము చేయుచు దారిలో హతులైరి. యుద్ధభూమికి పోలేక ఇంట నిలిచినవాడు మిగిలెను. పోయినవారు తిరిగి రాలేదు. ఈ బాధ ఆతని మనస్సున కడదాక నిలిచెను.

అటుపిమ్మట హంగెరీలో కఠినమైన నిరంకుశ పాలన సాగెను. కొషూత్ విదేశములకు తరలిపోయెను. ఆతని కార్యదర్శిగ నుండిన రాకోట్సి యానోష్ ప్రభుత్వము వెదకుచున్న వ్యక్తి. అట్టివానికి మదాచ్ చెస్త్వెలో ఆశ్రయమిచ్చెను. దాని ఫలితమెట్టిదో ఎరుగని అమాయకుడు కాడు మదాచ్, న్యాయశాస్త్రము చదివినవాడు. 1852 ఆగస్టులో ఆతనిని బంధించిరి. నేడు బ్రాటిస్లావా అని పిలువబడు పొజొన్ నగరమునను, పిదప పెష్ట్ నందును ఆతడు నిర్బంధములో నుండెను. దాదాపు ఒక సంవత్సరము గడచిన పిదప 1853లో గాని ఇల్లు చేరలేదు.

ఇల్లు చేరునప్పటికి ఇల్లు మునుపటివలె లేదు. భర్త చెరలో నుండగా పసిబిడ్డలతో, తన్ను మెచ్చని అత్తగారి కన్నుల యెదుట ఎర్జెబెత్ ఆ కాలమును గడపవలసివచ్చెను. ఆమె నడవడిని గూర్చి వదంతులు చెలరేగెను. అప్పులును పెరిగెను. దోషమెవరిది, ఎంత అనుట వారిరువురికే తెలిసిన విషయము. 1854లో వారు విడిపోయిరి. ఎర్జెబెత్ అటుతరువాత కష్టములపాలై 1875లో నాద్యవారద్ పట్టణమున పేదరికములో కన్నుమూసెను. మదాచ్ బిడ్డలతో స్త్రెగోవాకు మరలి తల్లి ఇంట చేరెను. అప్పటికాతని వయస్సు 31. తమ్ముడు పాల్ లేడు, సోదరి మారియా లేదు, భార్య లేదు, దేశమునకు స్వాతంత్ర్యము లేదు, ఒంటికి ఆరోగ్యము లేదు.

స్త్రెగోవా భవనమున మదాచ్ చదువుగదికి సింహపు గుహ అని హాస్యముగ పేరు పెట్టుకొనిరి. ఆ గదిలో ఆతడు చరిత్రను, ఖగోళమును, తత్త్వమును, నాటి భౌతికవాద గ్రంథములను చదువుచు రాత్రులు గడపెను. 1859 ఫిబ్రవరి 17న మానవుని విషాదము ప్రారంభించి 1860 మార్చి 26న ముగించెను. ఆ మధ్యకాలముననే, 1859 జూన్‌లో, సోల్ఫెరీనో యుద్ధమున ఆస్ట్రియా ఓడిపోయెను. హంగెరీని అణచిన మంత్రి బాహ్ పదవినుండి తొలగెను. ఆ పాలనను ఎగతాళి చేయుచు మదాచ్ ఒక చిన్న ప్రహసనమును కూడ ఆ ఏడే వ్రాసెను. చీకటి ఇంకను తొలగకుండగనే తూర్పున ఏదో వెలుగు తోచిన సమయమున ఆ మహానాటకము పుట్టినదన్నమాట.

నాటకము స్వర్గమున ఆరంభమగును. సృష్టి ముగిసినది. దేవదూతలందరును స్తోత్రము చేయుదురు. లూసిఫర్ ఒక్కడు మాత్రము మౌనముగ నిలుచును. నిరాకరణమునకు కూడ సృష్టియందు భాగము కలదని ఆతని వాదము. భగవంతుడు ఏదెను వనమునందలి రెండు వృక్షములను ఆతనికి వదలివేయును. ఆదాము, ఈవ జ్ఞానవృక్ష ఫలమును భుజింతురు. అమరత్వ ఫలము మాత్రము వారికి దక్కదు. వనమునుండి వెడలగొట్టబడిన పిమ్మట ఆదాము తాను పడబోవు కష్టమునకు అర్థమేమో, తన సంతతి గతి యేమో తెలియగోరును. లూసిఫర్ ఆ దంపతులను నిద్రపుచ్చి భవిష్యత్తునంతటిని స్వప్నముగ చూపును.

ఆ స్వప్నములో ఆదాము ప్రతి యుగమునను ఒక చారిత్రక పురుషుడుగ పుట్టును. ఈవ ప్రతి యుగమునను వేరొక స్త్రీగ ఎదురుపడును. లూసిఫర్ ప్రతి చోటను మంత్రియో, సేవకుడో, సహచరుడో అయి వెంట నుండును. మొదట ఈజిప్టు. ఆదాము ఫరోగ పిరమిడు కట్టించుచుండును. దెబ్బలు తిన్న బానిస యొకడు సింహాసనము ముందు ప్రాణము విడువగా, ఆతని భార్య రోదనము విని ఒక్కని కీర్తికై లక్షలమంది చచ్చుట అన్యాయమని గ్రహించి బానిసలను విడుదల చేయును. కావున తరువాతి రంగము ప్రజలే ప్రభువులైన ఏథెన్సు. అచట ఆదాము మిల్టియాడిస్ అను విజేత. ఆతడు విడిపించిన ప్రజలే వక్తల మాటలకు లోబడి ఆతనికి మరణశిక్ష విధింతురు. ప్రజలపై విసిగిన ఆదాము రోము నగరమున భోగలాలసుడగును. భోగము వెగటు కలిగించును. ప్రేమను బోధించు క్రొత్త మతము ఆతనిని ఆకర్షించును. కాని కాన్‌స్టాంటినోపిల్ రంగమున, ఆ ప్రేమమతమువారే ఒక్క అక్షర భేదమునకై మనుష్యులను చితిలో కాల్చుట కనబడును.

ఇట్లు ప్రతి ఆదర్శమును ముందటి ఆదర్శపు వైఫల్యమునుండి పుట్టును. తానును విఫలమై తరువాతి దానికి జన్మనిచ్చును. ఈ కూర్పే నాటకమునకు వెన్నెముక. మతకలహములతో విసిగినవాడు విజ్ఞానమున శరణు వెదకి ప్రేగ్ నగరమున కెప్లర్ అగును. గ్రహగతులను కనుగొన్న ఆ మహాశాస్త్రజ్ఞుడు పొట్టకూటికై రాజాస్థానమున జాతకములు, పంచాంగములు వ్రాయవలసివచ్చును. ఆతని భార్య భోగములు కోరుచు ఆతనిని వంచించును. రచయిత గృహచ్ఛిద్రము ఈ రంగమున నీడగ కనబడునని విమర్శకులందురు. కెప్లర్ కనిన కలలో ఫ్రెంచి విప్లవము వచ్చును. ఆదాము డాంటన్ అయి, తాను నడపిన విప్లవముచేతనే శిరచ్ఛేదమునకు గురియగును. ఆశ్చర్యమేమనగా, రక్తపాతముతో నిండిన ఆ కలనుండి మేల్కొన్న కెప్లర్‌కు దానిపై అసహ్యము కలుగదు. అందలి మహత్త్వమే తోచును. తన దేశపు విప్లవము ఓడిపోయిన పదేండ్లకు వ్రాయబడిన రంగమిది యని గుర్తుంచుకొన్నచో దాని బలము తెలియును.

తరువాతిది లండను. అచట రాజు లేడు, చితి లేదు, కత్తి లేదు, సమస్తమును క్రయవిక్రయమే. ప్రేమ, కళ, భక్తి సర్వమును అంగడి సరకులు. చివర అందరును ఒకరి వెంట నొకరు ఒక పెద్ద గోతిలోనికి దూకుదురు. ఈవ ఒక్కతె మాత్రము దానిని దాటిపోవును. దాని పిదప వచ్చునది శాస్త్రబద్ధమైన సమష్టి సమాజము. ఆకలి లేదు, యుద్ధము లేదు. పేర్లు కూడ లేవు, సంఖ్యలే. ఆ సమాజమున ప్లేటో పశువులు కాయుచుండును. మైకెలాంజెలో కుర్చీకాళ్లు చెక్కుచుండును. లూథర్ కొలిమి రగుల్చుచుండును. బిడ్డలను తల్లులనుండి విడదీయుదురు. ఆదాము భూమిని విడిచి అంతరిక్షమునకు ఎగిరిపోజూచును. భూమి పిలుపునకు లోబడి మరలును. చివరకు మంచుతో కప్పబడిన భూమి, ఎఱ్ఱబడి చల్లారుచున్న సూర్యుడు, వేటకు జంతువులు చాలక తోటి మనుష్యులు తగ్గవలెనని కోరు ఒక దీనుడైన ఎస్కిమో. మానవుని మహాప్రయాణము ముగియునది అచట.

ఆదాము మేల్కొనును. మానవజాతియే పుట్టకున్నచో ఈ యాతన యంతయు తప్పునని తలచి కొండ అంచునకు పోవును. అప్పుడు ఈవ తాను గర్భవతినని తెలుపును. ఇంక దూకి ప్రయోజనము లేదు; జాతి అప్పటికే ఆరంభమైనది. ఆదాము మోకరిల్లును. చూచినదంతయు సత్యమా, ఈ పోరాటమునకు గమ్యము కలదా యని భగవంతుని అడుగును. భగవంతుడు ఆ రహస్యమును విప్పడు. పోరాటమును విడువక, నమ్మకమును విడువక నడువుమని మాత్రము ఆదేశించును. లూసిఫర్ నిరాకరణమునకు సైతము ఒక స్థానమును ఇచ్చును. పిండిని పొంగించు పులుపువలె సందేహము మానవుని కదలించుచుండవలెను.

మనవారికి ఈ ముగింపు వినగానే గీతలోని కర్మయోగము స్ఫురింపవచ్చును. పోలిక కొంత కలదు, భేదమును కలదు. అర్జునునకు ఆత్మ నాశము లేనిదని ఉపదేశము లభించినది; విశ్వరూప దర్శనమును లభించినది. ఆదాము చూచినది మాత్రము ఓటముల పరంపర, మంచుగడ్డ. ఆతనికి లభించిన ప్రమాణము పుట్టబోవు బిడ్డ యొక్కటియే. ఫలమును ముందుగ చూచి, అది చేదని తెలిసి, అయినను బ్రదుకుటకు ఒప్పుకొనుట ఆదాముని ధర్మమయ్యెను. ఆప్తులను కోల్పోయి, చెరలో మ్రగ్గి, పిల్లల కొరకు మరల నిలబడిన ఒక తండ్రికి ఈ సన్నివేశము గ్రంథములనుండి లభించినది కాదు.

1861లో చక్రవర్తి హంగెరీ శాసనసభను సమావేశపరచెను. బలాషాద్యార్మత్ నియోజకవర్గమునుండి మదాచ్ సభ్యుడుగ ఎన్నికయ్యెను. మే 28న సభలో ఆతడు చేసిన ప్రసంగము మన్ననలందెను. ఆతడు పెష్ట్ వచ్చునపుడు తన నాటకపు వ్రాతప్రతిని వెంట తెచ్చెను. ఒక మిత్రుని మూలమున అది అరాన్ యానోష్ చేతికి చేరెను. అరాన్ నాటి హంగేరియను కవులలో మేటి. కిష్‌ఫలుది సాహిత్య సంఘమునకు అధ్యక్షస్థానీయుడు. ఒక సాహిత్య పత్రికకు సంపాదకుడు. ఆతడు మొదటి రంగమును చదివి, ఇది గేటే మహాకవి వ్రాసిన ఫౌస్టునకు బలహీనమైన అనుకరణమని తలచి కట్టను ప్రక్కన పెట్టెను.

ఎన్ని వ్రాతప్రతులు ఇట్లు ప్రక్కకు చేరి మరల వెలుగు చూడకపోయెనో ఎవరు చెప్పగలరు? కాని కొన్ని నెలల పిదప అరాన్ ఆ కట్టను మరల విప్పెను. ఈ పర్యాయము తుదిదాక చదివెను. తాను తొందరపడితినని గ్రహించెను. ఈ నాటకము ఫౌస్టు ఛాయలో ఆరంభమైనను తన కాళ్లపై తాను నిలిచినదని మిత్రునికి జాబు వ్రాసెను. 1861 సెప్టెంబరులో మదాచ్‌కు స్వయముగ లేఖ వ్రాసి అభినందించెను. భాషయందును ఛందస్సునందును కొన్ని లోపములు కలవనియు, అంగీకరించినచో తాను సరిదిద్దుదుననియు వినయముతో తెలిపెను. మదాచ్ సంతోషముతో సమ్మతించెను. అరాన్ ఒక్కొక్క పంక్తిని పరిశీలించి దిద్దెను. రచయిత భావమును మాత్రము తాకలేదు. అక్టోబరు 31న సంఘ సభలో తొలి రంగములను తానే చదివి వినిపించెను. 1862 జనవరిలో గ్రంథము వెలువడెను. ముఖపత్రముపై 1861 అని ముద్రింపబడినది. అప్పటికే తాను మహాకవిగ గణుతికెక్కియు, ఎవ్వరును ఎరుగని గ్రామవాసి కృతికి అరాన్ చేసిన సేవ సాహిత్యచరిత్రలో అరుదైనది.

కీర్తి ఒక్కమారుగ వచ్చెను. 1862లో కిష్‌ఫలుది సంఘము, 1863లో హంగేరియను విజ్ఞాన పరిషత్తు మదాచ్‌ను సభ్యునిగ చేర్చుకొనెను. 1863లోనే రెండవ ముద్రణము వెలువడెను. విమర్శలును రాకపోలేదు. ఇది మానవుని విషాదము గాదు, దయ్యపు ప్రహసనమని ఎర్దేయి యానోష్ అను పండితుడు ఆక్షేపించెను. సమష్టి సమాజమును మదాచ్ అవహేళన చేసినాడని ఆతని అభియోగము. ఏ ఆదర్శమును ఎగతాళి చేయుట తన ఉద్దేశము కాదనియు, తానును స్వాతంత్ర్యమును, క్రైస్తవమును, విజ్ఞానమును నమ్మినవాడేననియు మదాచ్ లేఖ మూలమున సమాధానమిచ్చెను. మోషే చరిత్రపై మరియొక నాటకమును ఆతడు పూర్తిచేసెను, ఇంకొకటి ఆరంభించెను. అది ముగియలేదు. గుండెజబ్బు ముదిరి 1864 అక్టోబరు 5న స్త్రెగోవాలో కన్నుమూసెను. తల్లి అప్పటికి జీవించియే యుండెను.

మన ఆలంకారికులు కావ్యములను శ్రవ్యములనియు దృశ్యములనియు విభజించిరి. రూపమున దృశ్యమైనను మదాచ్ కృతిని చాలకాలము చదువుటకే తగినదిగ తలచిరి. స్వర్గము, అంతరిక్షము, మంచుభూమి రంగస్థలముపై ఎట్లు చూపగలరు? నేషనల్ థియేటరు దర్శకుడు పౌలై ఎదె ఆ సాహసమునకు పూనుకొని 1883 సెప్టెంబరు 21న బుడాపెష్ట్‌లో దానిని తొలిసారిగ ప్రదర్శించెను. ప్రసిద్ధ నటి యాసై మరి ఈవ పాత్ర ధరించెను. ప్రదర్శనము ఘనవిజయము పొందెను. 1892లో జర్మనీయందలి హాంబర్గ్ నగరమునను అది రంగమెక్కెను. తరువాత అనేక భాషలలోనికి అనువదింపబడెను.

మరణానంతరము కూడ ఆ నాటకమునకు పరీక్షలు తప్పలేదు. రెండవ ప్రపంచ యుద్ధము పిమ్మట ఏర్పడిన కమ్యూనిస్టు ప్రభుత్వపు తొలి సంవత్సరములలో, ఇది నిరాశను బోధించుననియు, సంఖ్యలతో మనుష్యులను పిలుచు రంగము తమను ఉద్దేశించినదనియు భావించి దానిని వేదికకు దూరముగ నుంచిరి. 1955లో నేషనల్ థియేటరు దానిని మరల ప్రదర్శించెను. 2002 మార్చి 15న బుడాపెష్ట్‌లో నేషనల్ థియేటరు నూతన భవనము ఈ నాటకముతోనే ప్రారంభమయ్యెను. యాంకొవిచ్ మార్సెల్ అను చిత్రకారుడు దీనిని బొమ్మలచిత్రముగ రూపొందించుటకు ఇరువది ఏండ్లకు పైగ శ్రమించెను. అది 2011లో విడుదలయ్యెను. ప్రతి తరమును ఆ 15 రంగములలో తన రంగమేదో వెదకికొనుచునే యున్నది.

మదాచ్ తన నాటకమును రంగస్థలముపై ఒక్కమారును చూడలేదు. తొలి ప్రదర్శనము నాటికి ఆతడు గతించి 19 సంవత్సరములు కావచ్చెను. అయినను 1984 మొదలుకొని హంగెరీలో సెప్టెంబరు 21వ తేదీని హంగేరియను నాటక దినోత్సవముగ జరుపుకొనుచున్నారు. అది ఆతడు పుట్టిన దినము కాదు, మరణించిన దినమును కాదు. పెట్టెలో మూలుగవలసిన ఒక వ్రాతప్రతి, ఒక సహృదయుడు మరల విప్పి చదువుటచే బ్రదికి, తుదకు ప్రజల యెదుట నిలిచిన దినమది.